పంతొమ్మిది పానా బోల్టు

మలక్‌పేటలో రేసుకోర్సు గోడకు ఎదురు వీధిలో, ఒక మందుల దుకాణం పైన, శ్రీహరిరావు గారి డిజైన్ ఆఫీసు ఉండేది. మందుల ఫ్యాక్టరీలకూ బిస్కెట్ల ఫ్యాక్టరీలకూ కావలసిన కన్వేయర్లు, మిక్సర్లు ముందు అక్కడ కాగితం మీద పుట్టేవి. నేను అందులో పదిహేడేళ్ళు టైపిస్టుగా పనిచేశాను. యంత్రాల గురించి నాకు తెలిసిందంతా ఉత్తరాల్లో టైపు చేసినంత మేరకే. కొండల్ సంగతి మాత్రం దగ్గర నుంచి చూశాను. అతని టేబులూ నా టేబులూ ఒకే ఫ్యాను కింద ఉండేవి.

కొండల్‌ది ఛత్రినాక. తండ్రి బుచ్చయ్యకు ఆరు బర్రెలు. తల్లి రుక్మాబాయి ఇంటింటికీ పాలు పోసేది. ఐటీఐలో యంత్రాల బొమ్మలు గీసే డ్రాఫ్ట్స్‌మన్ కోర్సు చదివి, ఎనభై తొమ్మిదిలో మా ఆఫీసులో చేరాడు. పొద్దున నలభై ఇళ్ళకు పాలు పోసి, స్నానం చేసి, రెండు బస్సులు మారి వచ్చేవాడు. అయినా అందరికంటే ముందు అతనే ఉండేవాడు.

అతని పేరు నిలబెట్టింది బోల్టులు. యంత్రాన్ని ఎవరైనా గీస్తారు గానీ, దానికి బిగించే వందల బోల్టులను ఓపికగా గీసేవాళ్ళు తక్కువ. మిగతావాళ్ళు ప్లాస్టిక్ అచ్చు పెట్టి గబగబా గీసేసేవారు. కొండల్ కంపాసు పట్టుకుని, బోల్టు తల మీద ఉండే మూడు వంపులనూ సరైన వ్యాసార్ధాలతో తిప్పేవాడు. క్లయింట్లు వస్తే శ్రీహరిరావు గారు వాళ్ళను నేరుగా కొండల్ టేబులు దగ్గరికి తీసుకొచ్చి, "చూడండి, బోల్టు అంటే ఇలా ఉండాలి" అనేవారు. కొండల్ తల దించుకుని గీస్తూనే ఉండేవాడు. చెవులు మాత్రం ఎర్రబడేవి.

తొంభై ఆరులో కంప్యూటర్లు వచ్చాయి. డ్రాయింగు బల్లలన్నీ మేడ మీదికి చేరాయి. కొండల్ దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక ఇన్‌స్టిట్యూట్‌లో మూడు నెలలు, కంప్యూటరు మీద గీసే ఆటోక్యాడ్ నేర్చుకున్నాడు. మొదటి వారం మౌసు అతని చేతిలో బతికున్న చేపలా జారిపోయేది. తర్వాత ఒకరోజు నా దగ్గరికి పరుగెత్తుకుంటూ వచ్చాడు.

"కమలక్కా, మస్తు సంగతి తెలిసింది. బోల్టును ఒక్కసారి గీసి పేరు పెడితే చాలు. ఎన్నిసార్లు పిలిస్తే గన్నిసార్లు వస్తది."

"ఇంకేం, పని తగ్గింది కదా!"

"తగ్గింది. కానీ ఒక్కసారే గీస్తం కదక్కా. గది తప్పయితే అన్ని తప్పయితయి."

ఆ భయం అతన్ని రెండేళ్ళు తిప్పింది. ఛత్రినాక నుంచి మలక్‌పేటకు వచ్చే దారిలో అఫ్జల్‌గంజ్‌లో బస్సు మారాలి. అక్కడ దిగగానే నట్లూ బోల్టులూ అమ్మే ఒక సేఠ్ దుకాణం ఉండేది. కొండల్ టిఫిను సంచిలో వెర్నియర్ స్కేలు పెట్టుకుని, సాయంత్రం ఇంటికి వెళ్తూ అక్కడ ఆగి, వారానికి రెండు రకాల బోల్టులు కొలిచేవాడు. ఒకటి కొలిస్తే నమ్మకం లేదని డబ్బాలోంచి పది తీసి కొలిచేవాడు. మొదట్లో సేఠ్ విసుక్కున్నాడు. తర్వాత కొండల్ కోసం ఒక స్టూలు వేయించాడు. అలా ఆరు మిల్లీమీటర్ల బోల్టు నుంచి ముప్ఫై దాకా, నట్లూ వాషర్లతో సహా, నూట ఎనభై బొమ్మలు తయారయ్యాయి. ఆ ఫోల్డరుకు ఆఫీసంతా 'కొండల్' అనే పేరు పెట్టుకుంది. "ఈ ప్లేటుకి నాలుగు కొండల్‌లు వెయ్యి" అనే మాట మా ఆఫీసులో అయిదారేళ్ళు చెల్లింది.

రెండు వేల మూడులో బిందుమాధవి చేరింది. మెకానికల్ ఇంజనీరింగ్ చదివి, త్రీడీలో గీయడం నేర్చుకుని వచ్చిన పిల్ల. యంత్రం తెర మీద బొమ్మలా గుండ్రంగా తిరుగుతుంటే శ్రీహరిరావు గారు కుర్చీ లాక్కుని చూసేవారు. అదే ఏడాది ఆయన బొంబాయిలో ఏదో ఎగ్జిబిషన్ చూసి వచ్చి అందరినీ పిలిచారు.

"ప్రపంచంలో ఎవడూ బోల్టులు గీసుకోవడం లేదయ్యా. ఇంటర్నెట్‌లో రెడీమేడ్‌గా ఉన్నాయట. దించుకోవడం, యంత్రంలో పెట్టుకోవడం, అంతే! మనం ఇంకా అఫ్జల్‌గంజ్‌లో కూర్చుని కొలుచుకుంటున్నాం. కొండల్, రేపటి నుంచి నీ పని అదే. వెతుకు, దించు."

బోల్టులు బాగా తెలిసినవాడు కాబట్టి తన బోల్టులకు బదులుగా వచ్చేవాటిని వెతికే పని కూడా కొండల్‌కే పడింది.

మంచి సైటు దొరకడానికి వారం పట్టింది. అది లోపలికి రానివ్వాలంటే పేరు, కంపెనీ, హోదా అన్నీ అడిగింది. హోదాల పట్టికలో ఇంజనీరు ఉంది, మేనేజరు ఉంది, విద్యార్థి ఉంది. డ్రాఫ్ట్స్‌మన్ లేదు. కొండల్ చాలాసేపు ఆలోచించి 'విద్యార్థి' అని నొక్కాడు. అప్పటికి అతనికి ముప్ఫై ఆరేళ్ళు, ఇద్దరు పిల్లలు.

ఆఫీసులో ఇంటర్నెట్ టెలిఫోను తీగ మీదే నడిచేది. ఒక బోల్టు దిగడానికి పదకొండు నిమిషాలు. ఈలోగా ఎవరైనా ఫోను ఎత్తితే తెగిపోయేది. మొట్టమొదటి విదేశీ బోల్టు తొంభై శాతం దిగాక, మా అమ్మాయి కాలేజీకి ఫోను చేద్దామని నేనే రిసీవరు ఎత్తాను. కొండల్ తెర వైపు చూసి, "మెడ దాక వచ్చి పోయిందక్కా" అన్నాడు.

రెండోసారి పూర్తిగా దిగింది. బిందుమాధవి దాన్ని యంత్రంలో పెట్టింది. ఏమీ కనిపించలేదు. మళ్ళీ పెట్టింది. లేదు. శ్రీహరిరావు గారు కళ్ళద్దాలు తుడుచుకున్నారు. చివరికి కొండల్ తెరను పెద్దది చేస్తూ, ఇంకా పెద్దది చేస్తూ పోతే, ఒక మూల నువ్వుగింజంత బోల్టు పడి ఉంది. అది అంగుళాల్లో గీసినదట, మా కంప్యూటరు మిల్లీమీటర్లు అనుకుందట. ఇరవై అయిదు పాయింటు నాలుగు రెట్లు పెంచాక మనుషుల్లో పడింది.

ఆ బోల్టు అందంగా ఉంది, కాదనలేం. మరలన్నీ నిజంగా చుట్టుకుని, వెలుగు పడితే మెరుస్తున్నాయి. శ్రీహరిరావు గారు దాన్ని అటూ ఇటూ తిప్పించి చూశారు. "అదీ! మరలు లెక్కపెట్టవచ్చు" అన్నారు. తెర మీదున్న కన్వేయరు మొత్తానికి ఆరు వందల నలభై పెట్టమన్నారు. పెట్టారు. పొద్దున పదిన్నరకు కంప్యూటరు ఆగిపోయింది. మధ్యాహ్నం భోజనాలై, చేతులు కడుక్కుని వచ్చినా గడియారం గుర్తు తిరుగుతూనే ఉంది. మరలన్నిటినీ లెక్కవేసుకుంటోందని బిందుమాధవి చెప్పింది. తర్వాత మూడు రోజులు కూర్చుని, దించుకున్న ప్రతి బోల్టుకూ మరలు తీసి నున్నగా చేసిందీ కొండల్.

ఆ పనిలోనే అతనికి ఇంకో తేడా కనిపించింది. బోల్టు తలకు ఆరు పలకలుంటాయి. ఎదురెదురు పలకల మధ్య దూరాన్ని బట్టి పానా పడుతుంది. పన్నెండు మిల్లీమీటర్ల బోల్టుకు ఆ దూరం కొండల్ కొలతలో పంతొమ్మిది. దించుకున్న దాంట్లో పద్దెనిమిది.

కొండల్ ఆ సంగతి శ్రీహరిరావు గారికి చెప్పాడు. ఆయన ప్రమాణాల పుస్తకం తెప్పించి చూశారు. అందులోనూ పద్దెనిమిదే ఉంది.

"అంటే ఏమయ్యా, అయిదారేళ్ళుగా మా చేత తప్పు బోల్టులు వేయించావన్నమాట!"

"సార్, బజార్ల పంతొమ్మిదే దొర్కుతది. పది పది తీసి పట్టి చూసిన. ఏ మెకానిక్‌నన్న అడగండి, పన్నెండు బోల్టుకు పంతొమ్మిది పానే తీస్తడు."

"మెకానిక్కును అడిగి డిజైన్ చేస్తామా? ప్రమాణం ఏం చెబుతోందో అదే మన బోల్టు."

ఆయన చెప్పింది అబద్ధం కాదు. ప్రమాణం ఎప్పుడో మారింది. ఆ సంగతి బజారుకు ఎవరూ చెప్పలేదు, అంతే.

ఆ సాయంత్రం ఒక సర్క్యులరు టైపు చేయించారు. "ఇకపై కార్యాలయంలో అంతర్జాతీయ ప్రమాణాలకు అనుగుణమైన బోల్టులను మాత్రమే ఉపయోగించవలెను. వ్యక్తిగతంగా తయారు చేసిన బోల్టులను ఉపయోగించరాదు." ఆరు కంప్యూటర్లలోనూ 'కొండల్' ఫోల్డరు తీసెయ్యమని కొండల్‌కే చెప్పారు. తీసేశాడు. తీసేసి నా టేబులు దగ్గరికి వచ్చి, నా సీసాలో నీళ్ళు తాగాడు.

"అక్కా, గా కాయితం మీద నా పేరు ఉన్నదా?"

"లేదు కొండల్. 'వ్యక్తిగతంగా' అని మాత్రమే ఉంది."

"గా వ్యక్తిని నేనే కదా" అని నవ్వాడు. నవ్వు సగంలో ఆగిపోయింది. ఆ నెలంతా అతను టిఫిను సంచిలో వెర్నియర్ తీసుకురాలేదు.

కొన్నాళ్ళకు ఒక మందుల కంపెనీ నుంచి పెద్ద ఆర్డరు వచ్చింది, డబ్బాలను వరసగా నడిపించే కన్వేయరు. బిందుమాధవి దానికి ఒక మంచి ఉపాయం చేసింది. బోల్టు తల కూర్చునేలా బ్రాకెట్‌లో గాడి తీస్తే, తల తిరగకుండా అదే పట్టుకుంటుంది. ఇంకో పక్క నుంచి నట్టు బిగిస్తే చాలు, రెండో పానా అక్కర్లేదు. గాడి వెడల్పు పద్దెనిమిదికి కాస్త ఎక్కువ పెట్టింది.

కొండల్ ఆ డ్రాయింగు చూసి, మెల్లగా ఆమె కుర్చీ దగ్గరికి వెళ్ళాడు.

"మేడం, గాడి పంతొమ్మిదిన్నర పెట్టండి. ఫికర్ లేకుంట కూసుంటది."

ఆమె వెళ్ళి శ్రీహరిరావు గారిని అడిగింది. ఆయన గోడ మీది సర్క్యులరు చూపించారు.

కాటేదాన్‌లోని ఒక వర్క్‌షాపులో బ్రాకెట్లు తయారయ్యాయి. నాలుగు వందల ఎనభై బ్రాకెట్లు, ఒక్కోదానికి రెండు గాళ్ళు. బోల్టులు బిగించే రోజున అక్కడి ఫోర్‌మన్ రామ్‌చందర్ ఫోను చేశాడు. ఫోను నేనే ఎత్తాను. కొండల్‌ను పిలవమన్నాడు. రామ్‌చందర్ గొంతు రిసీవరు దాటి నాకూ వినిపించింది.

"అరే కొండల్ భాయ్, ఏంది గీ లొల్లి? గాడి సన్నగ తీయించిన్రు, బోల్టు తల దొడ్డుగున్నది. ఒక్కటి గూడ దిగుతలేదు. నువ్వుండి గూడ గిట్ల చేస్తరా?"

కొండల్ "వస్తున్న అన్నా" అని పెట్టేశాడు. సర్క్యులరు గురించి ఒక్క మాట చెప్పి ఉంటే తప్పు అతని మీద నుంచి పోయేది. ఎందుకు చెప్పలేదని తర్వాత అడిగాను. "చెప్తే బోల్టు దిగుతదా అక్కా?" అన్నాడు.

శ్రీహరిరావు గారు ముందు మండిపడ్డారు. వర్క్‌షాపువాళ్ళు నాసిరకం బోల్టులు కొన్నారనీ, ప్రమాణం ప్రకారం ఉన్నవి కొనాలనీ ఉత్తరం టైపు చేయించారు. బిందుమాధవికి మాత్రం నిద్రపట్టలేదు కాబోలు, మర్నాడు కొండల్‌తో కలిసి అఫ్జల్‌గంజ్ సేఠ్ దుకాణానికి వెళ్ళింది. పద్దెనిమిది పానా పడే పన్నెండు బోల్టు కావాలని అడిగింది. సేఠ్ ఆమె వంకా, కొండల్ వంకా చూశాడు.

"అఠారా? గది కంప్యూటర్లనే దొర్కుతది మేడం. ఈడ మొత్తం ఉన్నీసే."

ఊళ్ళో ఎక్కడ అడిగినా అదే మాట, పంతొమ్మిది. పద్దెనిమిదివి తెప్పించాలంటే ఆరు వారాలు. యంత్రం అప్పగించాల్సింది ఎనిమిది రోజుల్లో. గాళ్ళు మళ్ళీ తీయడానికి టైము లేదు. ఇక మిగిలింది ఒకటే దారి. కంప్యూటర్లో ఉన్న బోల్టులా కనిపించేదాకా, చేతిలో ఉన్న బోల్టును అరగదీయాలి.

తొమ్మిది వందల అరవై స్టీలు బోల్టులు. ఒక్కోదానికి ఎదురెదురుగా రెండు పలకలు, ఒక్కో పలక మీద అర మిల్లీమీటరు. రామ్‌చందర్ మనుషులు నలుగురు నాలుగు రోజులు గ్రైండరు మీద కూర్చున్నారు. కొండల్ వాళ్ళ పక్కనే పీట వేసుకుని, ప్రతి బోల్టునూ వెర్నియర్‌తో పట్టి చూసి పంపాడు. మూడో రోజు మధ్యాహ్నం బిందుమాధవి అక్కడికి వెళ్ళి, "కొండల్ గారూ, మీ మాట వినుంటే..." అని మొదలుపెట్టింది. కొండల్ ఒక బోల్టు ఆమె చేతిలో పెట్టి, "మేడం, గిది మంచిగ వచ్చింది చూడండి" అన్నాడు. ఆ మాట ఆమె నాకు చెబుతూ కళ్ళు తుడుచుకుంది.

యంత్రం అప్పగించే రోజు కంపెనీ ఇన్‌స్పెక్టరు వచ్చాడు. మోటారు చూశాడు, బెల్టు చూశాడు. తర్వాత వంగి, గాడిలో కూర్చున్న ఒక బోల్టు తల మీద బొటనవేలితో రుద్దాడు. శ్రీహరిరావు గారు గబగబా మళ్ళీ మోటారు గురించి చెప్పడం మొదలుపెట్టారు. ఇన్‌స్పెక్టరు తన పుస్తకంలో ఏదో రాసుకుని వెళ్ళిపోయాడు.

రెండు వారాలకు ఉత్తరం వచ్చింది. నేనే విప్పి చదివి వినిపించాను. యంత్రం బాగుందనీ, ముఖ్యంగా రెండు వైపులా పాలిష్ చేసి, గాడిలో కచ్చితంగా కూర్చునేలా చేసిన ప్రత్యేకమైన బోల్టులు తమకు ఎంతో నచ్చాయనీ, ఇకమీదట తమ యంత్రాలన్నిటికీ అవే వాడాలనీ రాశారు.

శ్రీహరిరావు గారు ఉత్తరం తీసుకుని తామే మరోసారి చదువుకున్నారు. గొంతు సవరించుకున్నారు.

"కమలకుమారి గారూ, టైపు చెయ్యండి. 'తమరు గమనించినట్లుగా, ఇది మా సంస్థ ప్రత్యేకత' అని."

టైపు చేశాను.

అసలు చిక్కు అప్పుడు వచ్చింది. తర్వాతి ఆర్డరుకు డ్రాయింగులో ఆ బోల్టు చూపించాలి. రెండు పలకల మధ్య పద్దెనిమిది, మిగతా నాలుగింటి మధ్య పంతొమ్మిది. అలాంటి బోల్టు ఏ ప్రమాణంలోనూ లేదు, ఏ దేశం సైటులోనూ లేదు. బిందుమాధవి రెండు రోజులు వెతికి చేతులెత్తేసింది. శ్రీహరిరావు గారు కొండల్ టేబులు దగ్గరికి వచ్చి, కాసేపు ఫ్యాను వంక చూశారు.

"ఇది ఎక్కడా దొరికేది కాదయ్యా. నువ్వే గీయాలి."

కొండల్ గీశాడు. మర్నాడు టిఫిను సంచిలోంచి మూడు ఫ్లాపీలు తీసి బిందుమాధవి టేబులు మీద పెట్టాడు. తీసెయ్యమన్న నూట ఎనభై బొమ్మలూ వాటిలో ఉన్నాయి. సర్క్యులరు ఆఫీసులో వాడవద్దంది గానీ, ఇంటికి తీసుకెళ్ళవద్దని అనలేదట. ఇద్దరూ కలిసి రెండు నెలల్లో వాటన్నిటినీ త్రీడీలోకి మార్చారు. అప్పుడు బిందుమాధవి ఒక మాటంది: ఎవరు గీసినవైనా అందరికీ పంచిపెట్టే సైట్లు కొన్ని ఉన్నాయి, మనమూ పెడదాం అని.

ఆ సైటు కూడా హోదా అడిగింది. ఈసారి బిందుమాధవి అతన్ని అడగకుండానే 'నిపుణుడు' అని నొక్కింది.

రెండు వేల అయిదు వేసవి కల్లా ఆ బోల్టులను నాలుగు వేలమంది దించుకున్నారు. వాటి కింద వచ్చిన మాటలు నేనే ప్రింటు తీసి ఇచ్చాను. ఎవరో దూరదేశపు ఇంజనీరు, కొలతలన్నీ తప్పని, ఇలాంటివి పెట్టేవాళ్ళను సైటు నుంచి వెళ్ళగొట్టాలని రాశాడు. ఇంకొకాయన అయిదులో ఒక్క చుక్క ఇచ్చాడు. లూధియానా నుంచి ఒకాయన మాత్రం, "మా బజారులో దొరికే బోల్టు కంప్యూటర్లో కనబడటం ఇదే మొదటిసారి. మీరెవరో గానీ చల్లగా ఉండండి" అని హిందీని ఇంగ్లీషు అక్షరాల్లో రాశాడు. కొండల్ దాన్ని రెండుసార్లు చదివించుకుని, కాగితం మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. తిట్టిన కాగితం కూడా అడిగి తీసుకున్నాడు.

"అదెందుకు కొండల్?"

"గాయన గూడ దించుకునే కదక్కా తిట్టింది."

శ్రీహరిరావు గారు మంచివారే. మనసులో ఉన్నది చెప్పడం రాదు, అంతే. ఆ దసరాకు కొండల్‌కు కొత్త హోదా ఇచ్చారు. పని ఏమిటంటే, విదేశీ సైట్ల నుంచి బోల్టులు దించుకోవడం, ఒక్కోదాని పక్కన బజారులో దొరికే అసలు కొలత రాసి ఉంచడం. అలా పోగుచేసిన బొమ్మలను కంప్యూటరు భాషలో లైబ్రరీ అంటారు. విజిటింగ్ కార్డులు కూడా కొట్టించారు: 'కొండల్, లైబ్రరీ ఇన్‌ఛార్జ్.' కార్డు చూసి రుక్మాబాయి పాలు పోసే ప్రతి ఇంట్లోనూ ఒకటి ఇచ్చింది.

వారం తిరగకుండానే ఛత్రినాకలో కొండల్ ఇంటికి మనుషులు రావడం మొదలైంది. ఒకామె తన కొడుక్కి పదో తరగతి లెక్కల గైడు అడిగింది. ఇద్దరు కుర్రాళ్ళు గ్రూప్ టూ పరీక్షల పుస్తకాలు కావాలన్నారు. రిటైరైన కండక్టరు ఒకాయన పాత వారపత్రికలు ఉంటే చాలన్నాడు. తనది పుస్తకాల లైబ్రరీ కాదని, బోల్టుల లైబ్రరీ అని కొండల్ మొదట్లో అందరికీ చెప్పి చూశాడు. వాళ్ళు ఒకరి ముఖాలు ఒకరు చూసుకునేవారు. బోల్టులకు లైబ్రరీ ఏంటి, ఇవ్వడం ఇష్టం లేక అంటున్నాడనుకున్నారు. పాలు పోసే దగ్గర రుక్మాబాయికి మాట పడింది.

"సర్కారు బుక్కులు ఇంట్ల పెట్టుకుని ఇస్తలేడంట కదా నీ కొడుకు" అన్నారట.

ఆ ఆదివారం కొండల్ కోఠీ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు ఒక సంచెడు కొన్నాడు. భార్య అఖిల బర్రెల కొట్టం పక్క గదిలో ఉన్న దాణా బస్తాలు జరిపి, గోడకు రెండు చెక్కలు కొట్టించింది.

నేను ఉద్యోగం మానేశాక రెండు వేల ఎనిమిదిలో ఒకసారి వాళ్ళింటికి వెళ్ళాను. రెండు చెక్కలు ఆరు అయ్యాయి. గుమ్మంలో నలుగురైదుగురు చెప్పులు వదిలి, లోపల కింద కూర్చుని చదువుకుంటున్నారు. పాలు పితికే చప్పుడు పక్క నుంచి వినిపిస్తోంది. కొండల్ ఒక పాత గైడుకు అట్ట వేస్తున్నాడు. అట్ట పుస్తకం అంచుకు తేడా లేకుండా రావాలని మడత విప్పి, మళ్ళీ మడుస్తున్నాడు.

"బోల్టుల మీద ఏమన్నా పుస్తకం పెట్టావా?" అని నవ్వుతూ అడిగాను.

"లేదక్కా" అన్నాడు. "ఎవ్వరడగలే."

అఖిల చాయ్ తెచ్చింది. మేం తాగుతుండగా గుమ్మంలో ఒక అమ్మాయి వచ్చి నిలబడి, "అన్నా, పోలీసు పరీక్షది వచ్చిందా?" అని అడిగింది. కొండల్ చాయ్ కింద పెట్టి, చేయి తుడుచుకుని, మూడో చెక్క వైపు లేచాడు.